పాలిటెక్నిక్ నుంచి సీఎస్ఈకి: తలుపు ఉంది, సందే ఇరుకు

2025ల టీజీ ఈసెట్ మే 12న జరిగింది. తెల్లారి, మే 13న, పాలీసెట్. రెండు పరీక్షల నడుమ ఒక్క రాత్రే తేడా. మొదటిది రాసింది పాలిటెక్నిక్ పూర్తి చేసుకొని బీటెక్ సెకండియర్‌ల చేరుదామని చూసే పిల్లలు. రెండోది రాసింది అప్పుడే పదో తరగతి పరీక్షలు అయిపోయి పాలిటెక్నిక్‌ల అడుగుపెడదామనుకునే పిల్లలు. పేపర్లల్ల అవి రెండు వేర్వేరు వార్తలు. నన్నడిగితే మాత్రం ఒక్కటే వార్త. ఎందుకంటే ఈసెట్‌ల కంప్యూటర్ సైన్స్ సీటు ఎవరికి వస్తది, ఎవరికి రాదు అన్నది సగానికంటే ఎక్కువ పాలీసెట్ కౌన్సెలింగ్‌లనే తేలిపోతది. పదిహేనేండ్ల పిల్లగాడు నెట్ సెంటర్‌ల కూసొని ఏ బ్రాంచిని ముందట పెట్టిండో, దాన్నిబట్టి.

మా చిన్నమ్మ కొడుకు ముచ్చట చెప్త. సర్కారు బడిల చదివిండు. లెక్కలల్ల మంచిగ ఉండె. పాలీసెట్‌ల చెప్పుకోదగ్గ ర్యాంకే వచ్చింది. మండల కేంద్రంల నెట్ సెంటర్ ఆయన "మెకానికల్ అయితే ఎక్కడన్న బతుకుతవ్ బిడ్డా" అని దాన్ని ముందట పెట్టిచ్చిండు. ఆయన తప్పేం లేదు, ఆయనకు తెలిసింది ఆయన చెప్పిండు. మా చిన్నమ్మకు, బాబాయికి బ్రాంచి అంటే ఏందో తెల్వదు. రెండో ఏడు నడుస్తుండంగ మనోడు ఫోన్ల వీడియోలు చూసి పైథాన్ నేర్చుకుండు. ఊళ్లె పాలకేంద్రం లెక్కలు రాసేటందుకు చిన్న ప్రోగ్రాం గూడ చేసిండు. అది చూసి పాలకేంద్రం పెద్దమనిషి సంబురపడి నూట పదహార్లు చేతుల పెట్టిండు. అప్పటిసంది వానికి కంప్యూటర్ సైన్స్ మీదనే పానం. మూడేండ్లైనంక ఈసెట్ రాసిండు, మంచి ర్యాంకు తెచ్చుకుండు. తీరా వెబ్ ఆప్షన్లు తెరిస్తే మెకానికల్, దాని చుట్టుపక్కల బ్రాంచిలే కనవడ్డయ్. సీఎస్ఈ లేదు. "అన్నా, సైట్ సరిగ్గ లోడ్ అయితలేదేమో" అని నాకు ఫోన్ చేసిండు. సైట్ సరిగ్గనే లోడ్ అయ్యింది. రూలే అట్ల ఉంది.

ఈ రూలు గురించే అసలు మాట్లాడాలె. దానికంటే ముందు ఈ దారి ఎట్ల నడుస్తదో తెల్వనోళ్ల కోసం జర చెప్త.

పది అయినంక ఇంటర్ రెండేండ్లు, బీటెక్ నాలుగేండ్లు. మొత్తం ఆరు. పది అయినంక డిప్లొమా మూడేండ్లు, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ సెకండియర్ల చేరితే ఇంకో మూడేండ్లు. ఇదీ ఆరే. చేతికి వచ్చే పట్టా ఒక్కటే, వయసు ఒక్కటే. తేడా అంతా ఖర్చుల ఉంది. కార్పొరేట్ ఇంటర్ కాలేజిల రెండేండ్లకు ఎకరం పత్తి మీద వచ్చేది కాదు, ఎకరమే పోతది. సర్కారు పాలిటెక్నిక్‌ల ఏడాది ఫీజు కొన్ని వేలే. పైంగ మధ్యల ఆపేయాల్సి వచ్చినా చేతిల డిప్లొమా ఉంటది. ఇంటర్ తప్పినోనికి ఏముంటది? అందుకే ఊళ్లల్ల కౌలు రైతు కొడుకు, బీడీలు చేసే తల్లి బిడ్డ ఈ దారి పడతరు. చదువు రాకనో, ఇంటర్ల సీటు రాకనో పోయేటోళ్లు కాదు వీళ్లు. పాలిటెక్నిక్ అంటే మొద్దుపిల్లలు పోయేది అని పట్నపోళ్లు అనుకుంటరు గని, పాలీసెట్‌ల మంచి ర్యాంకు వచ్చినోనితోని ఒక గంట మాట్లాడితే ఆ మాట అననే అనరు.

ఇగ ఈసెట్. రెండు వందల ప్రశ్నలు, రెండు వందల మార్కులు, మూడు గంటలు. మ్యాథ్స్‌కు 50, ఫిజిక్స్‌కు 25, కెమిస్ట్రీకి 25. మిగతా 100 మార్కులు సొంత బ్రాంచి సబ్జెక్టుకు. ఆంధ్రాలో కూడా ఇదే లెక్క. క్వాలిఫై కావాలంటే 200ల 50 రావాలె, ఎస్సీ ఎస్టీ పిల్లలకు ఆ కనీస మార్కుల నిబంధన లేదు. చూసేటందుకు సక్కగనే ఉంది. గానీ ఒకటి గమనించుర్రి. డిప్లొమాల ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివేది మొదటి ఏడే. ఆ తర్వాత రెండేండ్లు వర్క్‌షాపులు, ల్యాబులు, ట్రైనింగ్. పరీక్షల పావు వంతు మార్కులు మాత్రం ఎప్పుడో మర్చిపోయిన పుస్తకాలకెంచి వస్తయ్. మ్యాథ్స్ గూడ కలిపితే సగం. కాబట్టి ఆఖరి సెమిస్టర్‌ల ఫ్యాక్టరీకో, సబ్‌స్టేషన్‌కో ట్రైనింగ్‌కు పోయి చేతులకు గ్రీజు అంటించుకున్నోడు వెనకవడ్తడు. ట్రైనింగ్ కాగితాల మీద చూపిచ్చి దిల్‌సుఖ్‌నగర్ల కోచింగ్ హాస్టల్ల కూసున్నోడు ముందటవడ్తడు. పాలిటెక్నిక్ ఏం నేర్పాలని పెట్టిన్రో, దాన్ని సక్కగ నేర్చుకున్నోనికే ఈ పరీక్ష శిక్ష వేస్తది.

సీట్లు మిగిలినయంటరు, ఏ సీట్లు?

ఏటా కౌన్సెలింగ్ అయినంక ఈసెట్ల ఇన్ని సీట్లు మిగిలినయని వార్త వస్తది. అది సదివి మా ఊళ్లె మాష్టారు సుత "ఇన్ని సీట్లు మిగులుతుంటే మీకు రాకపోవుడేందిరా" అన్నడు. లెక్క అడుగుకు పోతే గాని ఆ మాటల తప్పు కనవడది.

ఏఐసీటీఈ నియమం ప్రకారం లేటరల్ ఎంట్రీకి రెండు రకాల సీట్లు ఉంటయ్. ఒకటి, మంజూరైన సీట్లకు అదనంగ ఇచ్చే 10 శాతం. రెండు, ఫస్టియర్ల నిండక మిగిలిపోయినవి. అరవై సీట్ల సెక్షన్ అనుకుంటే మొదటి లెక్కన ఆరు సీట్లు. రెండో లెక్కన ఎన్ని అన్నది బ్రాంచిని బట్టి, కాలేజీని బట్టి. సివిల్, మెకానికల్ల ఫస్టియర్లనే సగం బెంచీలు ఖాళీ ఉంటయ్. అవన్ని ఈసెట్‌కు వచ్చి చేరుతయ్, ఈసెట్ల గూడ నిండవు. పేపరోళ్లు రాసే మిగులు సీట్లల్ల పెద్ద వాటా ఇదే. పేరున్న కాలేజిల సీఎస్ఈకి ఫస్టియర్ల ఒక్క సీటు గూడ మిగలదు. కాబట్టి అక్కడ ఆరంటే ఆరే. ఆ ఆరింట్లనే ఎస్సీ, ఎస్టీ, బీసీల ఐదు గ్రూపులు, మళ్ల ఆడపిల్లలకు మూడో వంతు అన్నీ పంచాలె. రిజర్వేషన్ తప్పని నేను అంటలేను, అది లేకుంటే మాసొంటోళ్లు ఆ గేటు దాకా గూడ పోయేటోళ్లం కాదు. ఆరింటిని పంచుడేందన్నదే నా ప్రశ్న. ఒక గ్రూపుకు ఈ ఏడు సీటు ఉంటది, ఇంకో గ్రూపుకు అసలు రాదు. ఆ గ్రూపుల పుట్టిన పిల్లకు రాష్ట్రంల పదో ర్యాంకు వచ్చినా ఆ కాలేజి తలుపు తెరుచుకోక పోవచ్చు.

నిజం చెప్పాలంటే ఇంకో దిక్కు గూడ ఉంది. సీఎస్ఈ అనే పేరు మాత్రమే కావాల్నంటే ఇప్పుడు కష్టమేం కాదు. ఒక బ్రాంచికి ఇన్నే సీట్లు అనే పరిమితిని 2024-25 నుంచి ఏఐసీటీఈ తీసేసింది. హైదరాబాద్ చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీలు సివిల్, మెకానికల్ మూసుకొని సీఎస్ఈ, ఏఐ, డేటా సైన్స్ సెక్షన్లు పెంచుకున్నయ్. రాష్ట్ర సర్కారు ఒప్పుకోకపోతే 2024ల హైకోర్టు దాకా పోయిన్రు. సెక్షన్లు పెరిగితే దాంట్ల 10 శాతం గూడ పెరుగుతది, ఈసెట్ పిల్లలకు సీట్లు వస్తయ్. కానీ ఎసొంటి సీట్లు? అరవై మందికి పెట్టిన క్లాసుల అరవై ఆరు మంది. సారు ఒక్కడే, ఆయన గూడ పోయినేడు ఎంటెక్ అయినోడు. యూనివర్సిటీ క్యాంపస్ కాలేజిల, నాలుగు కంపెనీలు గేటు దాకా వచ్చే కాలేజిల మాత్రం సందు అంతే ఇరుకుంది. బీదోళ్ల పిల్లకు తక్కువ ఫీజుల మంచి సదువు దొరికేది ఆ క్యాంపస్ కాలేజిలనే గదా.

బ్రాంచి ముడి

ఇప్పుడు మా తమ్ముని దగ్గరికి మళ్ల వస్త. ఈసెట్ల పేపరు డిప్లొమా బ్రాంచిని బట్టి. ర్యాంకు బ్రాంచిని బట్టి. సీటు గూడ ఏ డిప్లొమాకు ఏ బీటెక్ బ్రాంచిలు సరిపోతయో ఒక పట్టిక పెట్టి దాన్నిబట్టే ఇస్తరు. మెకానికల్ డిప్లొమా చేసినోడు మెకానికల్ వాగులనే ఈదాలె, ఒడ్డు దాటి పక్క వాగుల దుంకనియ్యరు.

ఏఐసీటీఈ ఏమంటది? దాని అప్రూవల్ హ్యాండ్‌బుక్‌ల లేటరల్ ఎంట్రీ అర్హత కాడ ఇంజినీరింగ్ ఏ బ్రాంచిల డిప్లొమా అయినా సరే, 45 శాతం మార్కులు చాలు, రిజర్వేషన్ పిల్లలకు 40 చాలు అని రాసి ఉంది. వేరే వేరే దారులకెంచి వచ్చిన పిల్లలకు యూనివర్సిటీలే బ్రిడ్జి కోర్సులు పెట్టాలని గూడ రాసి ఉంది. అంటే ఢిల్లీల రాసినోళ్లు దర్వాజ తెరిచే పెట్టిన్రు. మన కాడికి వచ్చేసరికి దానికి గొళ్లెం పెట్టినం.

ఎందుకు పెట్టినం? నేను ఒకరిద్దరు లెక్చరర్లను అడిగిన. వాళ్లు చెప్పే కారణం తీసిపారేసేది కాదు. సెకండియర్ మొదటి సెమిస్టర్లనే డేటా స్ట్రక్చర్స్, డిజిటల్ ఎలక్ట్రానిక్స్, జావా మొదలైతయ్. సీ లాంగ్వేజ్ రాని మెకానికల్ పిల్లగాడు దాంట్ల ఎట్ల నిలవడ్తడు? రెండోది, తలుపు తెరిస్తే అందరు సీఎస్ఈ కాడికే ఉరుకుతరు, మెకానికల్, సివిల్ సెక్షన్లు పూర్తిగ మూతవడ్తయ్. మూడోది, కంప్యూటర్ డిప్లొమా చేసినోళ్లు "మా ఆరు సీట్లల్ల గూడ వీళ్లు పాలు పంచుకుంటరా" అని కొట్లాటకు వస్తరు.

మొదటిది నిజమైన ఇబ్బంది. దానికి మందు పిల్లగాన్ని ఆపుడు కాదు, పరీక్ష పెట్టుడు. నీకు ప్రోగ్రామింగ్, డిస్క్రీట్ మ్యాథ్స్ వచ్చా రాదా అని అడుగు. వస్తే రానియ్, రాకుంటే ఆపు. ఇప్పుడు అడుగుతున్నది అది కాదు. పదిహేనేండ్లప్పుడు ఏ గడి మీద టిక్కు పెట్టినవ్ అని అడుగుతున్నరు. రెండోదాని సంగతికొస్తే, ఇష్టం లేనోన్ని బలిమిటికి కూసోవెడితే మెకానికల్ బతుకుతదా? మా తమ్ముడు అదే బ్రాంచిల చేరి, నాలుగో ఏడు సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్ కోసం అమీర్‌పేటల రూము తీసుకుంటడు. ఆ రూముల ఇయ్యాల ఉన్నోళ్లల్ల సగం మంది అసొంటోళ్లే. మెకానికల్‌కు ఒక ఇంజినీర్ దొరకడు, పిల్లగానికి కంప్యూటర్ సదువు సక్కగ దొరకది. మూడోదానికే నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్న ఆరింట్ల నుంచి గుంజుకుంటే అన్యాయమే. పది శాతాన్ని పెంచకుండ ఇది తేలదు.

ఇదంతా సీఎస్ఈ పిచ్చి, ఆ కొలువులు ఇంక ఎక్కడున్నయని అడిగేటోళ్లు గూడ ఉన్నరు. వాళ్ల మాటల గూడ పస ఉంది. 2025 జూలైల టీసీఎస్ ఒక్కటే 12 వేల పైచిలుకు మందిని తీసేస్తమని చెప్పింది. ఫ్రెషర్లను తీసుకునుడు తగ్గింది, ఏఐ వచ్చి చిన్న కోడింగ్ పనులు మింగేస్తున్నది. కానీ సందు ఇరుకైతున్నప్పుడు ఎవరు బయట మిగులుతరు? మామూలు కాలేజిల సీఎస్ఈ చేసినోళ్లే ముందుగాల మిగులుతరు. మంచి కాలేజి, మంచి సారు, మంచి తోటి పిల్లలు ఉన్నోళ్లు ఏదో ఒకటి పట్టుకుంటరు. కొలువులు తగ్గేకొద్ది ఏ కాలేజిల చదివినవన్నది ఇంకా ఎక్కువ లెక్కకొస్తది. అందుకే ఆరు సీట్ల ముచ్చట చిన్నది కాదు.

కాలిఫోర్నియాల గూడ ఇదే కత, కొంచెం తేడాతోని

మనలెక్కనే చిన్న కాలేజీకెంచి పెద్ద యూనివర్సిటీకి మారే పద్ధతి అమెరికాల ఉంది. దాన్ని ట్రాన్స్‌ఫర్ అంటరు. అక్కడి కమ్యూనిటీ కాలేజి మన పాలిటెక్నిక్‌కు అచ్చం జోడు కాదు, అది పన్నెండో తరగతి అయినంక పోయేది. కానీ పోయే పిల్లలు ఎవరంటే మనసొంటోళ్లే. ఒక్క కాలిఫోర్నియాలనే 116 కమ్యూనిటీ కాలేజీలున్నయ్. ఎవరొచ్చినా చేర్చుకుంటరు, ర్యాంకు అడగరు. ఆ రాష్ట్రం పిల్లలకు యూనిట్‌కు 46 డాలర్లు ఫీజు. రెండేండ్లు అక్కడ చదివి, తర్వాతి రెండేండ్లు బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, డేవిస్ లాంటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లల్ల చదువుకోవచ్చు. 1960ల ఆ రాష్ట్రం చేసుకున్న మాస్టర్ ప్లాన్ల నుంచి వచ్చిన పద్ధతి ఇది. బీద పిల్లగాడు మొదటి మెట్టు మీద తప్పినా రెండో మెట్టు మీద ఎక్కాలని అప్పుడే రాసుకున్నరు. ఫస్టియర్ల ఇద్దరు చేరితే ట్రాన్స్‌ఫర్ల ఒకరు చేరాలె, ఇది ఆ యూనివర్సిటీ పెట్టుకున్న లక్ష్యం. మన దగ్గర అరవైకి ఆరు, అంటే పదికి ఒకరు.

మన తెలుగోళ్లు ఎక్కువగ ఉండే ఫ్రీమాంట్ల ఓలోని కాలేజి, కుపర్టినోల డీ ఆంజా కాలేజి ఇసొంటివే. బడా కంపెనీల ఆఫీసులకు కూతవేటు దూరంల ఉంటయ్.

వాళ్ల పద్ధతిల నాకు నచ్చింది ఫీజు కాదు. ముందే చెప్పుడు. అసిస్ట్ అని ఒక వెబ్‌సైట్ ఉంది. నీ కాలేజి పేరు, నువ్వు పోవాల్నుకున్న క్యాంపస్, బ్రాంచి కొడితే అక్కడి ఏ కోర్సుకు ఇక్కడి ఏ కోర్సు సమానమో పట్టిక వస్తది. క్యాలికులస్ ఇది, లీనియర్ ఆల్జీబ్రా ఇది, ప్రోగ్రామింగ్ ఇది, ఫిజిక్స్ ఇది. మొదటి రోజే పిల్లగానికి తెలుస్తది. రెండేండ్ల సదువు మీద తీర్పు ఉంటది, మూడు గంటల పరీక్ష మీద కాదు. ఆరు క్యాంపస్‌లు చెప్పిన కోర్సులు, చెప్పిన మార్కులు ఉంటే సీటు ఖాయమని ముందుగానే హామీ రాసిస్తయ్.

అట్లని అది స్వర్గం అనుకునేరు. ఆ హామీ ఇచ్చే క్యాంపస్‌లల్ల బర్క్‌లీ లేదు, లాస్ ఏంజెలెస్ లేదు, శాన్ డియేగో లేదు. హామీ ఉన్న కాడ గూడ కొన్ని క్యాంపస్‌లు కంప్యూటర్ సైన్స్‌ను ఆ లిస్టుల నుంచి పక్కన పెట్టినయ్. బర్క్‌లీ కంప్యూటర్ సైన్స్‌కు ట్రాన్స్‌ఫర్ అడిగినోళ్లల్ల నూటికి పది మందికి గూడ సీటు దొరకదు. బ్రాంచికి గిరాకీ పెరిగినకొద్ది పక్క దర్వాజనే ముందుగాల మూస్తరు, ఆ దేశంల అయినా ఈ దేశంల అయినా. తేడా ఒక్కటే, మూసినమని అక్కడ కాగితం మీద రాస్తరు, పిల్లగాడు రెండేండ్ల ముందే చదువుకుంటడు. మన పిల్లగానికి వెబ్ ఆప్షన్ల పేజి తెరిచిన రోజు తెలుస్తది.

ఇక్కడో మాట. కమ్యూనిటీ కాలేజి మీదుగా అమెరికా పంపిస్తమని ఈ మధ్య ఇంటర్ పిల్లల ఇండ్లకు ఫోన్లు చేసే ఏజెంట్లు తయారైన్రు. పైన చెప్పిన 46 డాలర్లు ఆ రాష్ట్రపోళ్లకు. ఇక్కడి నుంచి వీసా మీద పోయినోళ్లకు దానికి ఎన్నో రెట్లు ఉంటది. ఆ లెక్క కాగితం మీద రాయించుకోకుండ పొలం కాగితాలు బ్యాంకుల పెట్టకుర్రి.

లోపలికి పోయినంక

సీటు వచ్చినోళ్ల కత గూడ అంత సులువు కాదు. నేను లేటరల్ల చేరినోన్నే, అందుకే చెప్తున్న. నేను క్లాసుకు పోయేసరికి సెమిస్టర్ మూడు వారాలు నడిచింది. బ్రిడ్జి కోర్సు అని నోటీసు బోర్డు మీద కాగితం అంటించిన్రు, ఆ క్లాసు ఒక్కనాడు గూడ జరగలే. తోటి పిల్లలు ఏడాది కింద దోస్తులైనోళ్లు, ప్రాజెక్టు టీములు వాళ్లు వాళ్లే కట్టుకున్నరు. ఎల్ఈ బ్యాచ్ అని మమ్మల్ని వెనక బెంచీల లెక్క చూసేటోళ్లు. ల్యాబుల మాత్రం ఉల్టా. సిస్టం పాడైతే, నెట్‌వర్క్ పోతే మమ్మల్నే పిలిచేది. మూడేండ్లు స్క్రూడ్రైవర్ పట్టిన చేతులాయె.

ప్లేస్‌మెంట్ల దగ్గర ఇంకో లెక్క ఉంది, దీన్ని ఎవ్వరు చెప్పరు. నాలుగో ఏడు మొదట్ల కంపెనీలు వచ్చేసరికి ఫస్టియర్ నుంచి ఉన్నోళ్లకు ఆరు సెమిస్టర్ల మార్కులు ఉంటయ్. లేటరల్‌కు నాలుగే. ఇంగ్లిష్, డ్రాయింగ్ లాంటి సులువు సబ్జెక్టులతోని మార్కులు పెంచుకునే ఫస్టియర్ మనకు లేదు. కొత్త జాగల తడబడే మొదటి సెమిస్టర్ల ఒక్క సబ్జెక్టు పోయిందంటే సగటు దబ్బున కిందికి దిగుతది, మళ్ల లేపేటందుకు టైం ఉండది. చేరబోయేటోళ్లు ఎవరన్నా ఇది చదువుతుంటే, సీటు అలాట్‌మెంట్ వచ్చినంక ఖాళీగ ఉండకుర్రి. ఆ ఎండకాలం సీ లాంగ్వేజ్, మ్యాథ్స్ పట్టుర్రి.

ఫీజు సంగతి అందరికి తెలిసిందే. రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఇయ్యలేదని 2025ల ప్రైవేటు కాలేజీలే బంద్‌కు పిలుపిచ్చినయ్. సర్కారుకు, యాజమాన్యానికి నడుమ పంచాయితీ, సర్టిఫికెట్ మాత్రం పిల్లగాడిది ఆగుతది. డిప్లొమా ఒరిజినళ్లు ఒక కాలేజిల ఇరుక్కొని కౌన్సెలింగ్‌కు పోలేకపోయినోళ్లు నాకే ఇద్దరు తెలుసు.

ఈ దారి మూసుకపోయిన మా తమ్ముడసొంటోళ్లకు ఏమన్న మిగిలిందా అంటే, ఒకటి కనవడ్తున్నది. ఐఐటీ మద్రాస్ 2020ల ఆన్‌లైన్‌ల డేటా సైన్స్ డిగ్రీ పెట్టింది. ఐఐటీల బీటెక్‌కు డిప్లొమా మీద సెకండియర్ల చేరే దారి లేదు గని, ఈ డిగ్రీకి నాలుగు వారాల పాఠాలు చెప్పి ఒక క్వాలిఫయర్ పెడ్తరు. ర్యాంకు కాదు, పాసైతే చాలు, ఎంతమంది పాసైతే అంతమందిని తీసుకుంటరు. అది బీటెక్ కాదు, క్యాంపస్ బతుకు ఉండది, పరీక్షలకు సెంటర్‌కు పోవాలె, మధ్యల వదిలేసేటోళ్లు మస్తుమంది. అయినా పనిచేసుకుంట చదువుకునేటోనికి పనికొస్తది. నీకు వచ్చా రాదా అని మాత్రమే అడిగే తలుపు మన దేశంల గూడ పెట్టవచ్చని అది చూపెట్టింది.

రాష్ట్ర ఉన్నత విద్యా మండలి చేతిల, సాంకేతిక విద్యా బోర్డు చేతిల ఉన్నది ఏందంటే, ముందుగాల చెప్పుడు. కిందటేడు ఈసెట్ల ఏ కాలేజిల, ఏ బ్రాంచికి, ఏ కేటగిరీకి ఆఖరి ర్యాంకు ఎంతన్నది కౌన్సెలింగ్ వెబ్‌సైట్లనే ఉంటది. దాన్నే పాలీసెట్ ఆప్షన్లు పెట్టే పేజిల, తెలుగుల, ఈ డిప్లొమా తీసుకుంటే మూడేండ్లకు ఈ బీటెక్ బ్రాంచిలకే పోగలవ్ అని ఒక్క లైను రాసి పెడితే పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత క్యాంపస్ కాలేజిల సీఎస్ఈల పది శాతాన్ని పెంచి, పెరిగిన వాటిని ఏ బ్రాంచి డిప్లొమా అయినా వేరే పేపరు రాసి గెలుచుకునేటట్టు పెట్టాలె. పెంచాలంటే ఏఐసీటీఈని అడగాలె, అడుగుడు గూడ వీళ్ల పనే. బ్రిడ్జి కోర్సు కాగితం మీద కాకుండ క్లాసుల జరిగిందా అని అఫిలియేషన్ తనిఖీకి వచ్చినోళ్లు అటెండెన్సు పుస్తకం చూడాలె. స్టూడెంట్ సంఘాలోళ్లు ఫీజుల మీద మస్తు ధర్నాలు చేస్తరు, మంచిదే. ఈ పట్టిక మీద ఒక్క వినతిపత్రం ఇచ్చినట్టు నేనైతే చూడలే.

మా తమ్ముడు చివరికి మెకానికల్లనే చేరిండు, పట్నం అంచున ఒక ప్రైవేటు కాలేజిల. రాత్రిపూట ఐఐటీ మద్రాస్ పాఠాలు చూస్తున్నడు. వాని చెల్లె ఇప్పుడు పదో తరగతి. పాలీసెట్ రాస్తనంటున్నది. మొన్న దసరాకు పోయినప్పుడు ఈసెట్ లాస్ట్ ర్యాంకుల పట్టిక ప్రింట్ తీసుకొచ్చి, దాని మ్యాథ్స్ నోట్‌బుక్ అట్టకు లోపలి దిక్కు అంటించిండు. నెట్ సెంటర్ ఆయనకు గూడ ఒకటి ఇచ్చొచ్చిండట. ఆయన దాన్ని కరెంటు బిల్లుల పక్కన గోడకు అతికిచ్చిండు.